అమ్మ మోకాళ్లతో మూడు రోజుల హైదరాబాద్

హైదరాబాద్‌లో పాత కట్టడాలన్నీ బాగు చేస్తున్నారని బంధువులు ఊరిస్తుంటే, నవంబరులో మూడు రోజులు సెలవు పెట్టి రాజమండ్రి నుంచి రైలెక్కాం. అమ్మ, ఏడో క్లాసు చదివే మా అమ్మాయి, నేను. అమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అందుకే ఏ చోటు బాగుందో, ఏది బాగోలేదో చెప్పడానికి నా దగ్గరున్న కొలత ఒక్కటే: అమ్మకి అక్కడ కాసేపు కూర్చోవడానికి వీలైందా?

ముందు బస సంగతి. అబిడ్స్ దగ్గర ఒక లాడ్జి, రోజుకి 1800. ఆన్‌లైన్ ఫొటోల్లో చెక్క మంచాలు, పెద్ద కిటికీ. తీరా వెళ్తే లిఫ్టు రిపేరు, మా గది మూడో అంతస్తు. కాసేపు గొడవ పడితే కింద గది ఇచ్చారు. దాని కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటర్. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఫోన్ చేసి, లిఫ్టు తిరుగుతోందని నోటితో చెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

మొదటి రోజు శుక్రవారం. చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవని గేటు దగ్గరికి వెళ్లాక తెలిసింది. తప్పు నాదే. మరమ్మతులు చేసిన తీరుకి 2010లో యునెస్కో అవార్డు వచ్చిన ప్యాలెస్ అది. దాని గోడ బయట నిలబడి మా అమ్మాయి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అక్కణ్నుంచి చార్మినార్. 1591 నాటి కట్టడం. 2019లో ఒక మినార్ మీది సున్నపు నగిషీ ఊడి కిందపడిందని అప్పట్లో టీవీలో చూసి అమ్మ తెగ బాధపడింది. ఇప్పుడు చుట్టూ గ్రానైట్ పరిచి, వాహనాలు రాకుండా నడకదారి చేశారు. ఇరవై ఏళ్ల కిందట ఇదే చోట బస్సుల పొగలో ముక్కు మూసుకుని దాటాను కాబట్టి, నాకు పెద్ద మార్పుగానే కనిపించింది. కానీ మిట్టమధ్యాహ్నం ఆ రాయి పెనంలా కాలుతోంది. నీడ లేదు. నడకదారి అన్నారే గానీ స్కూటర్లు సందు చూసుకుని దూరుతూనే ఉన్నాయి. బాత్రూమ్ కోసం అమ్మని పట్టుకుని చాలా దూరం నడిచాను. దారి నిండా తోపుడు బళ్లే అని కొందరు విసుక్కుంటారు గానీ, నాకైతే అవి లేకపోతే చార్మినార్ బోసిపోతుంది. అడ్డం వాళ్లు కాదు, స్కూటర్లు.

చివరికి అమ్మ కూర్చున్నది లాడ్ బజార్‌లో, ఒక గాజుల కొట్టతను "బైఠో అమ్మా" అని లాగి వేసిన స్టూలు మీద. అక్కడే లక్క కరిగించి, సాగదీసి, వేడి ఆరకముందే ఒక్కో రాయి అద్దుతుంటే అరగంట కదల్లేదు. 2024లో ఈ లక్క గాజులకి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న ముద్ర, వచ్చింది. రెండు జతలు కొన్నాం. బేరం అమ్మే ఆడింది.

తిరిగొచ్చేటప్పుడు పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నడిచాం. 1908 మూసీ వరద తర్వాత ఊరిని సరిచేస్తూ కట్టిన అంగళ్ల వరస ఇది. కొట్ల ముందు కప్పు, కప్పు కింద నడక. వందేళ్ల కిందటివాళ్లకి మన ఎండ సంగతి తెలుసు. గ్రానైట్ పరిచినవాళ్లు ఒకసారి ఇటొచ్చి చూసి ఉంటే బాగుండేది.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి మార్కెట్. మాసిపోయి, రేకులూ బోర్డులూ కప్పేసిన రోజులు నాకు తెలుసు. 2020లో మరమ్మతులు పూర్తయ్యాక దీపాల వెలుగులో ఆ గడియారం గోపురాన్ని చూస్తే పోల్చుకోలేకపోయాను. ఐస్‌క్రీం కొట్ల ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. అమ్మ సీతాఫలం ఐస్‌క్రీం ఒకటి తిని, షుగరు మాట ఎత్తకుండా రెండోది చెప్పింది. గంటన్నర కూర్చున్నాం, ఎవరూ లేవమనలేదు.

రెండో రోజంతా గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీల సమాధులకే. ఆటోవాళ్లకి సెవెన్ టూంబ్స్ అంటేనే తెలుస్తుంది. ఒక ఆటో యాప్‌లో వరసగా ముగ్గురు క్యాన్సిల్ చేశారు. రోడ్డు మీద బేరమాడి 300కి వెళ్లాం. 106 ఎకరాల ఆవరణ, వందకి పైగా కట్టడాలు. ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఇక్కడి మరమ్మతులు 2013లో మొదలుపెట్టి 2024లో పూర్తి చేశాయి. మధ్యలో ఎప్పుడో పూసిన సిమెంటు గీకేసి మళ్లీ సున్నమే వాడారు. సిమెంటు కింద తేమ బయటికి పోదు, లోపలి గోడ పాడవుతుంది. ఈ మాట నేను అమ్మకి వివరించబోతే, గోడ మీద అరచెయ్యి ఆనించి "డంగు సున్నంరా, మా పుట్టింటి మండువా ఇల్లు ఇదే" అంది. ఇంకేం చెప్పను.

అక్కడి బడీ బావి అనే మెట్ల బావిలో 2013 వానలకి ఒక పక్క గోడ కూలిపోయింది. మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు నీళ్లున్నాయి. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది.

"మన రామదాసుని జైల్లో పెట్టిన తానీషాది ఏది?" అని అమ్మ ప్రతి గుమ్మటం దగ్గరా అడుగుతూనే ఉంది. ఆయనది ఇక్కడ లేదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచారు, అక్కడే పోయాడు. "ఆయన్నీ జైల్లోనే పెట్టారా" అని కాసేపు మాట్లాడలేదు. నడక చాలా ఎక్కువ, ఆ మాట ముందే చెప్పాలి. కానీ చెట్ల నీడ ఉంది, సమాధుల చుట్టూ ఎత్తరుగులు ఉన్నాయి. నాలుగు చోట్ల కూర్చుంటూ, లేస్తూ సాయంత్రం దాకా గడిపాం. ఒక్కరోజే ఉన్నవాళ్లు చార్మినార్ మానేసి ఇక్కడికి రండి. తిట్టుకున్నా సరే.

మూడో రోజు సికింద్రాబాద్‌లో రైలుకి ముందు బన్సీలాల్‌పేట మెట్ల బావి చూశాం. చిన్నదే, గంట చాలు. పక్కన కూర్చున్న పెద్దాయన, ఒకప్పుడు ఇది చెత్తతో పూడిపోయి బావి ఉందన్న గుర్తే లేదన్నాడు. ఆ చెత్తంతా తోడి, 2022 డిసెంబరులో తెరిచారు. మెట్లు దిగడం అమ్మ వల్ల కాలేదు. పైన కూర్చుని, "నువ్వెళ్లి చూసొచ్చి చెప్పవే" అని మనవరాల్ని పంపింది. అది వీడియో తీసుకుని ఆయాసపడుతూ పైకొచ్చింది. అమ్మ వీడియో చూడలేదు.

"నీళ్లలో చెయ్యి పెట్టావా?"

"పెట్టనివ్వలేదు నానమ్మా."