బయోస్ పోయిన బోర్డుకు ఏది మేలు: క్లిప్పా, చిప్ ఊడదీయడమా, బోర్డు మార్చడమా?

మా బావమరిది ల్యాప్‌టాప్‌లో బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచి మెషిన్‌ను లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ నడుస్తోంది. పది నిమిషాలైనా తెర నల్లగానే ఉండేసరికి హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అంతే. ఆ తర్వాత పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగుతుంది, క్యాప్స్ లాక్ లైటు మిణుకుమిణుకుమంటుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు. సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తే మదర్‌బోర్డు మార్చాలి, ఇరవై నాలుగు వేలవుతుంది అన్నారట. ఆ రాత్రి ఫోన్ చేసి, "బావా, నువ్వేమైనా చేయగలవా, లేక కొత్తది కొనుక్కోమంటావా?" అన్నాడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ, పార్క్ లేన్ చుట్టూ తిరిగి ఈ పని నేర్చుకున్నవాణ్ణి. "ముందు పట్టుకురా, మీటరు పెట్టి చూద్దాం" అన్నాను. ఎందుకంటే, బయోస్ పోయిందంటూ నా దగ్గరికి వచ్చే బోర్డుల్లో చాలావాటికి బయోస్ బాగానే ఉంటుంది. ర్యామ్ స్లాట్‌లో దుమ్ము ఉంటుంది, లేదా ఎక్కడో ఒక చిన్న కెపాసిటర్ షార్ట్ అయి ఉంటుంది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టగానే డిస్‌ప్లే వచ్చేసిన కేసులున్నాయి. వాటికి డబ్బులు తీసుకోవాలంటే మొహమాటమేసింది.

ల్యాప్‌టాప్ బోర్డునైతే అడాప్టరుకు బదులు డీసీ సప్లైకి (వోల్టులు, ఆంపియర్లు అంకెల్లో చూపించే పవర్ పెట్టె) తగిలిస్తాను, 19 వోల్టులు పెట్టి. అక్కడ ఆంపియర్ల అంకెను చూస్తే సగం కథ తెలిసిపోతుంది. తగిలించీ తగిలించగానే అంకె లిమిట్ దాకా ఎగబాకితే ఎక్కడో షార్ట్ ఉంది. బటన్ నొక్కినా సున్నా నుంచి కదలకపోతే లోపలికి కరెంటే వెళ్ళడం లేదు. అడాప్టర్ పిన్ను తర్వాత ఉండే మాస్‌ఫెట్ల దగ్గర (కరెంటును లోపలికి వదిలే స్విచ్చుల్లాంటివి) వెతకాలి. 3 వోల్టులు, 5 వోల్టుల కాయిల్స్ దగ్గర మీటరు ఏమీ చూపించకపోతే బయోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఒకటే, ఆకలితో పడిపోయినవాడికి పాఠం చెప్పినట్టు. వోల్టేజీలన్నీ సరిగ్గా వచ్చి, ప్రాసెసర్ కోర్ వోల్టేజి కూడా లేచి, అంకె కాస్త పైకెళ్ళి అక్కడే బిగుసుకుపోతేనో, లేచి పడి మళ్ళీ లేస్తూ చక్రంలా తిరుగుతుంటేనో అప్పుడు బయోస్ ఉండే ఎనిమిది కాళ్ళ చిప్ మీదకు పోతుంది చూపు. మావాడి బోర్డు ఈ రెండో రకం. పైగా అప్‌డేట్ మధ్యలో ఆపాడని తెలుసు కాబట్టి అనుమానానికి తావు లేదు.

డెస్క్‌టాప్ బోర్డయి, వెనక వైపు ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బయోస్ ఎక్కించేది) ఉంటే ఇంత చర్చే అక్కర్లేదు. ఏసుస్‌లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు, ఎంఎస్ఐలో ఫ్లాష్ బయోస్ బటన్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కంపెనీ చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, బోర్డుకు 24 పిన్నుల కేబులు, ప్రాసెసర్ పవర్ కేబులు ఇచ్చి, బటన్ నొక్కితే చాలు. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా ఎక్కుతుంది. ఇందులో జనం చేసే తప్పు ఒక్కటే: విండోస్ ఎక్స్‌టెన్షన్‌ను (ఫైలు పేరులో చుక్క తర్వాతి అక్షరాలు) దాచేస్తుంది కాబట్టి ఫైలు పేరు చివర దాన్ని రెండుసార్లు పెట్టేస్తారు, బోర్డు ఆ ఫైలును పట్టించుకోదు. అప్పుడు బటన్ పనిచేయడం లేదని నా మీదకు వస్తారు.

ఆ బటన్ లేని పాత బోర్డులకు, చాలా ల్యాప్‌టాప్‌లకు చివరికి మిగిలేది ప్రోగ్రామరే, అంటే చిప్‌లోకి నేరుగా రాసే చిన్న పరికరం. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను చెరిపేసినప్పుడు చాలా బోర్డుల్లో చిప్ సాకెట్‌లో ఉండేది. ప్రోగ్రామర్ లేనివాళ్ళు అలాంటిదే ఇంకో బోర్డును ఆన్ చేసి, అది నడుస్తుండగానే దాని చిప్ పీకి చచ్చిన చిప్ గుచ్చి, దాంట్లోకి రాసేసేవారు. ఇప్పటి చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. కాబట్టి రెండే దార్లు: ఉన్నచోటనే క్లిప్‌తో పట్టుకోవడం, లేదా హాట్ ఎయిర్‌తో (సోల్డర్‌ను కరిగించే వేడి గాలి గన్) ఊడదీయడం.

క్లిప్ దారి చవక. సీహెచ్341ఏ ప్రోగ్రామరు, క్లిప్, 1.8 వోల్టుల అడాప్టరు కలిపి నేను ఆరు వందల్లోపే కొన్నాను. చిప్ మీద చిన్న చుక్క ఉన్న మూల ఒకటో కాలు. క్లిప్ ఎర్ర తీగ దాని మీదకు రావాలి. ఒత్తి పెట్టాక కంప్యూటర్‌లో నియోప్రోగ్రామర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి డిటెక్ట్ నొక్కితే చిప్ పేరు రావాలి. సోల్డరింగ్ రానివాడు కూడా చేయగలిగిన పని ఇది. అందుకే యూట్యూబ్ చూసి అందరూ ఇక్కడే మొదలుపెడతారు.

కానీ దీనికి రెండు జబ్బులున్నాయి. నల్ల రంగులో దొరికే సాదా సీహెచ్341ఏ చిప్‌కు 3.3 వోల్టుల సప్లై ఇస్తుంది గానీ డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. 3.3 వోల్టుల చిప్‌లు చాలాసార్లు ఓర్చుకుంటాయి. 1.8 వోల్టుల చిప్‌కు అడాప్టర్ లేకుండా పెడితే చిప్పే పోవచ్చు, దాని వెనకున్న పీసీహెచ్ (బోర్డు మీది ముఖ్యమైన ఇంకో పెద్ద చిప్) కూడా దెబ్బతినొచ్చు. తేడా ఎంత చిన్నదంటే, విన్‌బాండ్ 25క్యూ64 చిప్ పేరు చివర ఎఫ్‌వీ అని ఉంటే 3.3 వోల్టులది, ఎఫ్‌డబ్ల్యూ అని ఉంటే 1.8 వోల్టులది. భూతద్దం పెట్టి చదవకుండా క్లిప్ పెట్టకూడదు.

రెండోది ఇంకా విసిగిస్తుంది. చిప్ ఎనిమిదో కాలు బోర్డు 3.3 వోల్టుల లైనుకు కలిసే ఉంటుంది. క్లిప్ పెట్టగానే ప్రోగ్రామరు ఇచ్చే కరెంటు చిప్‌తో ఆగక బోర్డంతా పాకుతుంది. మావాడి బోర్డులో బ్యాటరీ, సీమాస్ సెల్ (బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ) తీసేశాకే క్లిప్ పెట్టాను. ఎనిమిదో కాలు మీద మీటరు పెడితే 3.3 రావాల్సిన చోట 2.1 వచ్చింది. డిటెక్ట్ నొక్కితే ఒకసారి పేరు వచ్చింది, రెండోసారి రాలేదు. పేరు వచ్చినప్పుడే రీడ్ కొట్టి ఫైలు దాచాను, వెంటనే మళ్ళీ రీడ్ చేసి రెండింటినీ పోల్చాను. కలవలేదు. ఆ స్థితిలో ఎరేజ్ నొక్కితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. చాలామంది చేసేది అదే: ఒకసారి రీడ్ చేసి, పోల్చి చూడకుండానే చెరిపేస్తారు. పాత ఫైలు చెత్త అని తెలిసేసరికి చిప్‌లో ఉన్నదీ పోతుంది.

పాత ఫైలు కోసం ఎందుకంత తాపత్రయం అంటే, అందులో బయోస్ ఒక్కటే ఉండదు. ఇంటెల్ బోర్డుల్లో ఎంఈ (మేనేజ్‌మెంట్ ఇంజిన్) అనే భాగం ఉంటుంది. అది చెడిపోతే కంప్యూటర్ లేచినట్టే లేచి సరిగ్గా 30 నిమిషాలకు ఆగిపోతుంది, లేదా ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు అందులోనే. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ఇచ్చిన విండోస్ కీ కూడా అందులోనే. నెట్‌లో దొరికిన ఎవరిదో బిన్ ఫైలు (ఇంకో మెషిన్ చిప్‌కు నకలు) ఎక్కిస్తే డిస్‌ప్లే రావచ్చు. కానీ ఆ మెషిన్ ఇంకొకరి సీరియల్‌తో బతుకుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికే అప్‌డేట్ ఫైలును నేరుగా ఎక్కించడమూ కుదరదు. అది తరచు బయోస్ భాగం మాత్రమే, పైన అదనంగా హెడర్ (చిప్‌లోకి పోకూడని ముందు భాగం) తగిలించి ఉంటుంది. 64 మెగాబిట్ చిప్‌లోకి పోయే ఫైలు సరిగ్గా 83,88,608 బైట్లు ఉండాలి, ఒక్క బైటు ఎక్కువా తక్కువా కాదు.

అందుకని క్లిప్ పక్కన పెట్టి హాట్ ఎయిర్ తీశాను. ఈ దారిలో చేతి పనితనం కావాలి, అదొక్కటే దీని లోపం. లెడ్ లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, లెడ్ ఉన్న పాత సోల్డర్ 183 దగ్గరే. కాబట్టి ముందు ఎనిమిది కాళ్ళకూ లెడ్ సోల్డర్ కాస్త అద్దితే తక్కువ వేడికే చిప్ వదులుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్ల మీద వేడిని ఓర్చే క్యాప్టన్ టేపు వేసి, సోల్డర్ బాగా కరిగి పారేలా ఫ్లక్స్ పెట్టి, 350 డిగ్రీల దగ్గర గాలి గుండ్రంగా తిప్పుతూ ఉంటే ఒక దశలో సోల్డర్ మెరుస్తుంది. అప్పుడు ట్వీజర్‌తో తాకితే చిప్ జరగాలి. జరగకముందే పైకి లాగితే బోర్డు మీది ప్యాడ్ (కాలు అతికే రాగి బిళ్ళ) కూడా లేచి వస్తుంది. మొదట్లో నేను ఒక కస్టమర్ బోర్డులో రెండు ప్యాడ్లు లేపేసి, జుట్టంత సన్నటి రాగి తీగతో జంపర్లు వేసి బయటపడ్డాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఊడదీసిన చిప్‌ను సాకెట్‌లో పెట్టాక మాత్రం వేరే లోకం. ఎనిమిదో కాలు మీద నిక్కచ్చిగా 3.3. రెండు రీడ్‌లూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఫైలు తెరిస్తే డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక), ఎంఈ భాగాలు చెక్కుచెదరలేదు. బయోస్ భాగంలో సగం నుంచి ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్ అని ఖాళీ పేజీలు, అప్‌డేట్ ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు. సీరియల్, విండోస్ కీ ఉన్న చోటు ఆ గీతకు ఇవతలే ఉండటం మావాడి అదృష్టం. కంపెనీ ఫైల్లోంచి మంచి బయోస్ భాగం తీసి ఆ ఖాళీల్లో పెట్టి రాశాను, వెరిఫై చేశాను.

కాబట్టి నా లెక్క ఇది. 3.3 వోల్టుల చిప్, కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి, రెండు రీడ్‌లూ కలుస్తున్నాయి అంటే క్లిప్పే మేలు. ఊరికే వేడి పెట్టడం దేనికి? రీడ్‌లు కలవకపోతే మూడోసారి, నాలుగోసారి ప్రయత్నిస్తూ కూర్చోవద్దు, ఊడదీయడమే మేలు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో చిప్‌కు కాళ్ళే ఉండవు, ప్యాడ్లు అడుగున ఉంటాయి. మామూలు క్లిప్ దాన్ని పట్టుకోలేదు, అక్కడ ఎంచుకునే పనే లేదు. హాట్ ఎయిర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళు సొంత బోర్డు మీద నేర్చుకోకండి. పాత ఇనుప సామాను దగ్గర చచ్చిన బోర్డులు కిలోల లెక్కన దొరుకుతాయి, వాటి మీద పది చిప్‌లు ఊడదీసి మళ్ళీ అతికించాక చూడండి.

బోర్డు మార్చడాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. నీళ్ళు పడి లోపలి పొరలు తుప్పు పట్టినా, ప్రాసెసరే షార్ట్ అయినా అదే దారి. వారంటీ ఉంటే అసలు స్క్రూడ్రైవర్ తియ్యొద్దు. కానీ ఒక సంగతి కౌంటర్లో ఎవరూ చెప్పరు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, టీపీఎం (డిస్క్ తాళం చెవులు దాచే భద్రతా భాగం) కూడా బోర్డుతోనే పోతుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే కొత్త బోర్డులో పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దొరక్కపోతే ఇరవై నాలుగు వేలు పోసి బోర్డు మార్చినా లోపలి ఫోటోలు రావు. చిప్ మళ్ళీ రాసినప్పుడు కూడా ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది. అందుకే ఏ దారికైనా ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఆ కీ ఉందో లేదో చూసుకోమని మావాడికి చెప్పాను. ఉంది.

చిప్ మళ్ళీ అతికించి, ఫ్లక్స్ తుడిచి, సప్లై ఇచ్చాం. అంకె పైకెళ్ళింది, ఫ్యాన్ తిరిగింది, ఆగింది. మళ్ళీ తిరిగింది. కొత్తగా రాశాక మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మావాడు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, "బావా, హ్యాంగ్ అయినట్టుందే" అంటూ వేలు పవర్ బటన్ మీద పెట్టాడు. చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.