టెసరాక్ట్ 5 సోర్స్ బిల్డ్: ఆగిపోయినప్పుడు ఏమి చెబుతుంది?

పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులను అక్షరాలుగా మార్చుకునే పనిలో ఉన్నవారికి టెసరాక్ట్ పేరు కొత్తది కాదు. 1985–1994 మధ్య హ్యూలెట్-ప్యాకార్డ్‌లో రూపొంది, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలై, ఆ మరుసటి ఏడాది నుంచి 2018 వరకు గూగుల్ ఆధ్వర్యంలో పెరిగిన ఈ ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌ను ఉబుంటు లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. తెలుగు డేటాకు కూడా విడిగా ప్యాకేజీ ఉంది. అయినా నేను దానిని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవలసి, అంటే ప్రోగ్రామర్లు రాసిన పాఠాన్ని యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా నేనే మార్చుకోవలసి వచ్చింది. నా కంప్యూటర్‌లోని ఉబుంటు 22.04 ఇచ్చేది 4.1.1 వెర్షన్. పేజీని నలుపు, తెలుపులుగా విడగొట్టడానికి నాకు కావలసిన సావోలా పద్ధతి 2021 నవంబరులో వెలువడిన 5.0తో గాని రాలేదు. అంచుల వెంట పసుపెక్కిన కాగితాన్ని మొత్తం ఒకే కొలతతో నలుపు, తెలుపులుగా విడగొడితే ఆ అంచుల్లోని వత్తులు మచ్చల్లో కలిసిపోతాయి. సావోలా పేజీలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కొలత తీసుకుంటుంది.

అక్షరాలను అది ఎంత బాగా గుర్తిస్తుందన్నది ఈ సమీక్ష విషయం కాదు. సోర్స్ నుంచి నిర్మించేటప్పుడు అది ఎక్కడెక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు కారణం సరిగా చెబుతుందా అన్నదే ఇక్కడ చూస్తున్నాను. బిల్డ్ మొదటిసారికే పూర్తయితే సంతోషమే కాని, దాని నాణ్యత తెలిసేది విఫలమైనప్పుడే.

పని వరుస సాధారణమైనదే: ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. ఆటోజెన్ కాన్ఫిగర్ స్క్రిప్టును తయారుచేస్తుంది, కాన్ఫిగర్ కావలసినవన్నీ యంత్రంలో ఉన్నాయో లేదో చూస్తుంది, మేక్ కంపైల్ చేస్తుంది, చివరిది ఫలితాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంది. నేను కావలసిన ప్యాకేజీల జాబితా చదవకుండానే మొదలుపెట్టాను కనుక, దాదాపు ప్రతి మెట్టు మీదా ఆగవలసి వచ్చింది. ఆ తప్పు నాదే. అన్నిటికంటె మెచ్చుకోదగినది లెప్టోనికా లేదన్న సందేశం. బొమ్మలను చదివి, శుభ్రపరిచే ఈ లైబ్రరీ 1.74 లేదా అంతకంటె కొత్త వెర్షన్ కావాలని, ఫలానా డెవ్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి చూడమని కాన్ఫిగర్ స్పష్టంగా చెప్పి ఆగుతుంది. ఏది లేదో, ఎంత కావాలో, ఎక్కడ దొరుకుతుందో ఒక్క వాక్యంలో చెప్పే ప్రాజెక్టులు తక్కువ. లైబ్రరీ ఉన్నప్పటికీ లేదంటున్నదేమిటని తికమకపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: డెబియన్, ఉబుంటులలో ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన లైబ్రరీ ఒక ప్యాకేజీలోను, కంపైల్ చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్లు డెవ్ అన్న తోక ఉన్న మరో ప్యాకేజీలోను ఉంటాయి.

ఇంత స్పష్టంగా మాట్లాడే కాన్ఫిగర్, ఆటోకాన్ఫ్-ఆర్కైవ్ ప్యాకేజీ లేనప్పుడు మాత్రం పూర్తిగా దారి తప్పిస్తుంది. కంపైలర్ ఏ ఫ్లాగులను (దానికిచ్చే అదనపు సూచనలను) అంగీకరిస్తుందో పరీక్షించే మాక్రో (పేరుతో పిలిచే సిద్ధమైన కోడ్ ముక్క) ఆ ప్యాకేజీలోనే ఉంది. అది దొరకకపోయినా, ఆటోజెన్ పిలిచే ఆటోకాన్ఫ్ అభ్యంతరం చెప్పదు, మాక్రో పేరును ఉన్నది ఉన్నట్టుగా కాన్ఫిగర్ స్క్రిప్టులో వదిలేస్తుంది. తరువాత ఆ స్క్రిప్టును నడిపే షెల్ ఆ వరుస దగ్గరికి వచ్చి, అర్థంకాక, సింటాక్స్ ఎర్రర్ అంటుంది. ఆ సందేశంలో కనబడేది ఏదో కంపైలర్ ఫ్లాగ్ పేరు, వేలల్లో ఉన్న ఒక వరుస సంఖ్య. దానిని చూసి కంపైలర్‌ను అనుమానించడం సహజమే. నేను ఒక సాయంత్రమంతా అదే చేశాను. ఆ ప్యాకేజీని చేర్చి, ఆటోజెన్‌ను మళ్లీ నడిపితే సమస్య పోతుంది. ఆటోజెన్‌ను వదిలి కాన్ఫిగర్‌ను మాత్రమే నడిపితే పాత స్క్రిప్టే కనుక పాత ఎర్రరే వస్తుంది.

అయితే ఎర్రర్ చూపి ఆగే బిల్డ్ కంటె, ఆగకుండా లోపంతో పూర్తయ్యే బిల్డ్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. డెవ్ ప్యాకేజీ వేసుకుంటే సరిపోయేదానికి, కొత్తది మేలన్న ఉత్సాహంతో నేను లెప్టోనికాను కూడా సోర్స్ నుంచి నిర్మించాను. అప్పటికి నా యంత్రంలో పీఎన్‌జీ, టిఫ్ అనే బొమ్మల ఫార్మాట్లను చదివే లైబ్రరీల డెవ్ ప్యాకేజీలు లేవు. లెప్టోనికా వాటిని తప్పనిసరి అనుకోదు. లేవని కాన్ఫిగర్ దశలో ఒక వరుసలో రాసి, ఆ సామర్థ్యాన్ని వదిలి ముందుకు సాగుతుంది. దాని మీద టెసరాక్ట్ కూడా ఏ ఎర్రరూ లేకుండా కంపైల్ అయింది. తీరా మొదటి పేజీ ఇవ్వగానే, ఆ బొమ్మను చదివే ఫంక్షనే లేదన్న సమాధానం వచ్చింది. టెసరాక్ట్‌ను వెర్షన్ అడిగితే లెప్టోనికా వెర్షన్‌తో పాటు, దాని కింద అది ఏయే బొమ్మల లైబ్రరీలతో కలిసిందో కూడా చూపుతుంది. ఆ వరుసలో పీఎన్‌జీ, టిఫ్ లేకపోతే డెవ్ ప్యాకేజీలు వేసి, ముందుగా లెప్టోనికాను మళ్లీ కాన్ఫిగర్ చేయాలి; టెసరాక్ట్‌ను ఎన్నిసార్లు తిరిగి నిర్మించినా ఫలితం ఉండదు.

మేక్ దశ గురించి చెప్పవలసింది తక్కువ. కంపైలర్ సీ ప్లస్ ప్లస్ భాషకు 2017 ప్రమాణమైన సీ ప్లస్ ప్లస్ 17ను అర్థం చేసుకోగలిగితే చాలు. ర్యామ్ తక్కువగా ఉన్న యంత్రంలో ఒకేసారి ఎక్కువ పనులు నడిపితే కంపైలర్ ప్రాసెస్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ మధ్యలోనే చంపేయవచ్చు. చంపబడిందన్న మాట కనబడితే కోడ్‌లో తప్పు వెతకకుండా, సమాంతర పనుల సంఖ్య తగ్గించి మేక్‌ను మళ్లీ నడపాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక రెండు చిక్కులు మిగులుతాయి. లైబ్రరీ ఫైలు తెరవలేకపోతున్నానని ప్రోగ్రామ్ అంటే, లైబ్రరీల జాబితాను తాజాపరిచే ఎల్‌డీకాన్ఫిగ్‌ను ఒకసారి నడిపితే చాలు. రెండోది, మేక్ ఇన్‌స్టాల్ భాషల డేటాను తీసుకురాదు. తెలుగు ఫైలును మనమే తెచ్చి టెస్‌డేటా డైరెక్టరీలో పెట్టాలి. డేటా ఎక్కడుందో తెలిపే టెస్‌డేటా ప్రిఫిక్స్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విషయంలో పాత సలహాలను నమ్మరాదు: 3వ వెర్షన్‌లో అది టెస్‌డేటాకు పైనున్న డైరెక్టరీని చూపాలి, 4 నుంచి టెస్‌డేటానే చూపాలి. ఈ సంగతిలో మాత్రం ఎర్రర్ సందేశం సరిగానే చెబుతుంది. దానిని చివరిదాకా చదివితే వేరే వెతుకులాట అక్కరలేదు.

ఉబుంటు 24.04 వాడేవారికి రిపాజిటరీలోనే 5.3.4 ఉంది కనుక ఈ శ్రమ అనవసరం. 22.04లోనే ఉండి సావోలా కావలసినవారు లెప్టోనికాను ప్యాకేజీగా తీసుకుని, టెసరాక్ట్‌ను మాత్రమే నిర్మించుకుంటే మేలు. తెలుగు మోడల్‌ను తమ ఫాంట్లకు తగ్గట్టు మళ్లీ నేర్పాలనుకునేవారు యూనికోడ్, అక్షరాల చిత్రణ లైబ్రరీలైన ఐసీయూ, పాంగో, కైరో డెవ్ ప్యాకేజీలను కాన్ఫిగర్‌కు ముందే వేసుకోవాలి. అవి లేకపోయినా బిల్డ్ ఆగదు. ట్రైనింగ్ పరికరాలు నిర్మించలేవన్న ఒక్క మాట కాన్ఫిగర్ చివరలో వచ్చి, ఆ తరువాత మేక్ గుమ్మరించే వందల వరుసల కింద పడిపోతుంది.