మెక్లియోడ్‌గంజ్‌లో వాలంటీరింగ్‌కి వెళ్తున్నారా? వీకెండ్ ట్రిప్పులకు డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

పోయిన ఏడాది జూలై ఆఖరులో నాలుగు వారాలు సెలవు పెట్టి ధర్మశాల పైనున్న మెక్లియోడ్‌గంజ్ వెళ్ళాను. టిబెటన్ శరణార్థులకు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న బౌద్ధ భిక్షువులకు సాయంత్రం పూట మాట్లాడించే క్లాసులు తీసుకోవడం పని. ఆ పని మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. రేపు రమ్మన్నా వెళ్తాను. నా బాధంతా దానికి అంటగట్టి అమ్మిన 'వీకెండ్ ఎక్స్‌కర్షన్ల' గురించే.

హైదరాబాద్‌లో ఉండగా ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి ఒక మధ్యవర్తి సంస్థకు మొత్తం 36,500 రూపాయలు కట్టాను. అందులో గది, భోజనం పోను 15,500 సెలవు రోజుల ట్రిప్పులకే. బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్, త్రియుండ్ కొండ మీద ఒక రాత్రి టెంటు, కాంగ్రా టాయ్ ట్రైన్, తంగ్కా (బట్ట మీద వేసే టిబెటన్ బౌద్ధ చిత్రాలు) వర్క్‌షాప్, పైగా 'దలైలామా బోధనలకు స్పెషల్ పాస్'. ఈ ఐదింటిలో చెప్పినట్టు జరిగింది ఒక్కటీ లేదు.

ముందు పారాగ్లైడింగ్ సంగతి. బిల్లింగ్ సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఎగిరి కింద బీర్ దగ్గర పొలాల్లో దిగుతారు. 2015లో ప్రపంచ కప్ పోటీలు కూడా అక్కడే జరిగాయి. ప్రకటనలో ఆ ఫోటోలు చూసే నేను పడిపోయాను. మొదటి శనివారం పొద్దున్నే బ్యాగు సర్దుకుని కూర్చుంటే కోఆర్డినేటర్ వచ్చి, "వాతావరణం బాగాలేదు మేడమ్, వచ్చే వారం" అన్నాడు. వచ్చే వారం కూడా అదే మాట. మేం బస చేసిన వీధి చివర టీ కొట్టాయన నవ్వి అసలు విషయం చెప్పాడు. హిమాచల్‌లో ఏటా జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పారాగ్లైడింగ్ మీద ప్రభుత్వమే నిషేధం పెడుతుందట. అది ఆ రోజు వాతావరణాన్ని బట్టి మారేది కాదు. అక్కడ అందరికీ తెలిసిన తేదీలు. నా బ్యాచ్ తేదీలు పూర్తిగా వాటి లోపలే ఉన్నాయి. అంటే డబ్బులు తీసుకున్న రోజే వాళ్ళకు తెలుసు.

కోఆర్డినేటర్‌ని నిలదీస్తే కాసేపు నీళ్ళు నమిలి, గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు: "ప్రైవేటుగా ఎగిరించే వాళ్ళు ఉన్నారు, ఇంకో రెండు వేలు ఇస్తే చూస్తాను." ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ మాటే. నిషేధంలో దొంగతనంగా ఎగిరే పైలట్ దగ్గర లైసెన్సు ఉందో లేదో ఎవరు చూస్తారు? కాలో చెయ్యో విరిగితే ఏ బీమా కంపెనీ ముఖం చూస్తుంది? నాతో ఉన్న ఫ్రాన్స్ కుర్రాడొకడు సరదాపడ్డాడు, బతిమాలి ఆపాం.

దలైలామా పాస్ కథ విన్నాక మా నాన్న అరగంట తిట్టారు, తిట్టించుకోవాల్సిందే. ఆయన బోధనలకు టికెట్ ఉండదు. ప్రవేశం ఉచితం, గుర్తింపు కార్డు చూపించి పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఆ 'స్పెషల్ పాస్' కింద నా దగ్గర తీసుకున్నది 1,500. పోనీ అదైనా దక్కిందా? వేసవి, వానాకాలాల్లో ఆయన ఎక్కువగా లద్దాఖ్ వెళ్తుంటారు. నేనున్న నాలుగు వారాలూ ఆయన ఊళ్ళోనే లేరు. ఆయన బోధించే ఆలయ ప్రాంగణం ఎప్పుడైనా వెళ్ళి చూడొచ్చు, దానికి మధ్యవర్తి ఎందుకు?

టాయ్ ట్రైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎక్కలేదు కాబట్టి. పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్ల ఆ లైను 1929 నాటిది. 2022 ఆగస్టు వానలకు దాని మీది చక్కి వంతెనే కూలిపోయింది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి అక్కడ రైళ్ళు తరచూ ఆగిపోతుంటాయి. ఇక తంగ్కా వర్క్‌షాప్ అంటే బజారులో ఒక దుకాణం. గంటసేపు కూర్చోబెట్టి శాలువాలు, గిన్నెలు చూపించారు, డ్రైవరు కమీషను కోసం.

త్రియుండ్ మాత్రం నిజంగానే తీసుకెళ్ళారు. తీసుకెళ్ళకుండా ఉంటే బాగుండేది. దాదాపు 2,850 మీటర్ల ఎత్తు. ఎండ కాసే నెలల్లో గల్లూ దేవి గుడి దగ్గర మొదలుపెడితే మామూలు మనిషి మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తాడు, పైన ధౌలాధార్ కొండలు కళ్ళ ముందే నిలబడతాయి అంటారు. ఆగస్టులో మాకు కళ్ళ ముందు కనిపించింది మబ్బే. గైడ్ అని పంపిన పిల్లాడికి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేదు. సగం దారిలో ఉరుములు మొదలయ్యాయి. ఆఖర్న వచ్చే 22 మలుపుల దగ్గర రాళ్ళ మీంచి నీళ్ళు కాలువలా పారుతున్నాయి. నాతో ఉన్న కేరళ అమ్మాయి జారిపడి మోకాలు చీరుకుంది. నా సాక్సుల్లో ఏడు జలగలు. లెక్కపెట్టాను. ఇక పైకి వెళ్ళేది లేదని వెనక్కి తిరిగాం. తర్వాత తెలిసింది, వాన హెచ్చరికలున్న రోజుల్లో జిల్లా అధికారులు ట్రెక్కింగే ఆపేస్తుంటారట. పక్కనే భాగ్సులో 2021 జూలైలో వరదకు కార్లు కొట్టుకుపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అలాంటి చోట వానల్లో కొండ ఎక్కించడానికి ధైర్యం కాదు, డబ్బాశ ఉండాలి.

తిరిగొచ్చాక డబ్బులడిగితే "ట్రెక్ చేశారుగా" అన్నారు. తప్పు నాది కూడా ఉంది. డబ్బు యూపీఐలో ఒక మనిషి సొంత ఖాతాకు పంపాను, జీఎస్‌టీ నంబరున్న బిల్లు అడగలేదు. ఉన్న ఆధారమల్లా వాట్సాప్‌లో వాళ్ళు పంపిన ట్రిప్పుల జాబితా. దాన్నే పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రెండు నెలలకు 4,000 తిరిగొచ్చాయి. మిగతా 11,500 పోయినట్టే.

వెళ్ళాలనుకునేవాళ్ళు గది, ట్రిప్పులు విడివిడిగా మాట్లాడుకోండి. క్లాసులు చెప్పడానికి అక్కడి స్థానిక సంస్థలు నేరుగానే వాలంటీర్లను తీసుకుంటాయి, చాలా చోట్ల ఫీజు లేదు. ఆ సంగతి నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది. హిమాచల్‌లో ట్రావెల్ ఏజెంట్లు, గైడ్లు పర్యాటక శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి, ఆ నంబరు అడగండి. ఏ ట్రిప్పు ఏ తేదీన, రద్దయితే ఎంత తిరిగిస్తారు అన్నది రాతలో తీసుకోండి. మొహమాటపడొద్దు.

వానాకాలంలో వెళ్తే చేయడానికి ఏమీ ఉండదని కాదు. సిధ్‌పూర్‌లోని నోర్బులింగ్కా అనే టిబెటన్ కళల సంస్థలో తంగ్కాలు ఎలా వేస్తారో దగ్గరుండి చూశాను, సొంతంగా బస్సెక్కి వెళ్ళి. నా క్లాసులోని ఒక పెద్దాయన గుడి చుట్టూ ప్రదక్షిణ దారిలో నడిపించి, ఆ తర్వాత వాళ్ళింట్లో థుక్పా (టిబెటన్ నూడుల్స్ సూప్) పెట్టారు. నాలుగు వారాల్లో నాకు గుర్తుండిపోయిన రోజు అదే, దానికి బస్సు ఖర్చు కూడా కాలేదు.

మొన్న ఆదివారం అదే సంస్థ ప్రకటన మళ్ళీ కనిపించింది. అదే పారాగ్లైడింగ్ ఫోటో. కొత్త బ్యాచ్ జూలై 20న మొదలట.