పైథాన్ ప్రాపర్టీ: ఉల్లి లాట్ల లెక్కలో ఏళ్ల తరబడి వాడాక

కర్నూలు ఉల్లి మార్కెట్ లాట్ల లెక్క నడిచే క్లాసుల్లో ప్రాపర్టీని (బయటికి మామూలు ఆట్రిబ్యూట్‌లా కనబడుతూ, చదివినా విలువ పెట్టినా లోపల మనం రాసిన ఫంక్షన్‌ను నడిపేది) చాన్నాళ్లు వాడాక తేలింది ఒక్కటే: ఇది అవసరం పడ్డాక పెట్టుకునేది, ముందే పెట్టుకునేది కాదు.

జావా అలవాటున్నవాళ్లు ప్రతి ఫీల్డుకూ గెట్, సెట్ అని రెండేసి మెథడ్లు రాస్తారు. పైథాన్‌లో అది దండగ చాకిరీ. రైతు పేరు, బస్తాలు, రేటు మామూలు ఆట్రిబ్యూట్లుగానే ఉండనివ్వండి. బరువు మైనస్‌లోకి పోకూడదన్న నియమం రేపు పెట్టాల్సొస్తే, ఆ ఒక్కదాన్నే ప్రాపర్టీ చేస్తే సరి. లాట్.బరువు అని రాసిన పాత కోడ్‌లో ఒక్క అక్షరం కదపక్కర్లేదు.

సెట్టర్లో, అంటే ప్రాపర్టీకి విలువ పెట్టినప్పుడు నడిచే ఫంక్షన్లో, జారేది ఎక్కడంటే, లోపల సెల్ఫ్.బరువు = విలువ అని రాసేయడం. అది తనను తానే పిలుచుకుంటూ పోయి రికర్షన్ ఎర్రర్‌తో కూలుతుంది. విలువను సెల్ఫ్._బరువులో దాచాలి. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే ఇనిట్‌లో మాత్రం ఇది తిరగబడుతుంది: అక్కడ అండర్‌స్కోర్ లేకుండానే రాయాలి. లేదంటే కొత్త లాట్‌కు ఎవరైనా మైనస్ 50 కొట్టినా సెట్టర్ కంట పడకుండా లోపలికి పోతుంది.

బాగా కలిసొచ్చేది లెక్కగట్టే విలువల దగ్గర. 2,600 కిలోలు, క్వింటాలు 1,800 రూపాయలు అయితే మొత్తం 46,800. దీన్ని ఆట్రిబ్యూట్‌గా దాస్తే, తరుగు తీసి బరువు 2,550 చేశాక కూడా పట్టీ మీద పాత మొత్తమే పడుతుంది. ప్రాపర్టీ అయితే అడిగిన ప్రతిసారీ లెక్క కడుతుంది, 45,900 వస్తుంది. పైథాన్ 3.8 నుంచి ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో ఉన్న క్యాష్డ్ ప్రాపర్టీని చూసి ఆశపడొద్దు. తొలి లెక్కను ఆబ్జెక్టులోనే దాచుకుని, డెల్‌తో దాన్ని చెరిపేదాకా 46,800 అనే అంటుంది. మారని విలువలకే అది పనికొస్తుంది.

డేటాబేస్‌కు వెళ్లే పనిని ప్రాపర్టీ చేసి చుక్క వెనక దాచడం మాత్రం పాపమే. 500 లాట్ల లూప్‌లో 500 క్వెరీలు నడుస్తాయి, చదివేవాడికి ఆ సంగతే తెలీదు. దాన్ని మెథడ్ చేయండి, బ్రాకెట్లు చూసైనా జాగ్రత్తపడతాడు.

లిస్టుల దగ్గరా సెట్టర్‌ను నమ్ముకోలేం. లాట్.కోతలు.అపెండ్ అంటే సెట్టర్ అసలు నడవదు. ఆ జాబితాను టపుల్‌గా, అంటే మార్చడానికి వీల్లేని వరుసగా, మార్చి ఇచ్చి, చేర్చడానికి విడిగా మెథడ్ పెట్టాల్సిందే.