కాలాన్ని బట్టి ఊరు: కొరియాలో ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఉండాలి

కొరియా ఎప్పుడు వెళ్తే బాగుంటుందని చుట్టాలు అడిగినప్పుడల్లా, అక్కడ ఏం చూడాలని ఉందో చెప్పమంటాను. ఊరికీ కాలానికీ మధ్య ముడి అక్కడ అంత గట్టిది. మన దగ్గర అమ్మే ప్యాకేజీలకు మాత్రం ఏ నెలైనా ఒకటే వరస: సియోల్, నామీ ద్వీపం, బుసాన్, జేజు, వారం తిరిగేసరికి ఇంటికి. అలా తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు బాగుంటాయి గానీ, దేశం ఎలా ఉందంటే చెప్పడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. మా అమ్మాయి, అల్లుడు సువాన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. సామ్‌సంగ్ పుణ్యమా అని ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. వాళ్లింట్లో ఉంటూ నాలుగు కాలాల్లోనూ ఆ దేశాన్ని చూసే అదృష్టం నాకు దక్కింది.

జీవితంలో ఒక్కసారే వెళ్లగలిగితే శరత్కాలంలో వెళ్లండి. ఆకుల ఎరుపు ఈశాన్యాన సొరాక్‌సాన్ శిఖరాల మీద మొదలై, కొండ పైనుంచి కిందికి, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ వస్తుంది. సొరాక్‌సాన్‌లో అక్టోబర్ రెండో సగం, సియోల్‌లో నవంబర్ మొదట్లో, దక్షిణాన నేజాంగ్‌సాన్‌లో నవంబర్ మొదటి రెండు వారాలు. అంటే మీ సెలవు ఎప్పుడు దొరికితే ఆ వారానికి తగిన కొండ ఒకటి ఉంటుంది. తేదీ ముందు చూసుకుని, కొండను ఆ తర్వాత ఎంచుకోవాలి.

సొరాక్‌సాన్‌కు దగ్గరి ఊరు సొక్చో. అక్కడికి రైలు లేదు. సియోల్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో రెండున్నర గంటలు. వరసకు మూడే సీట్లుండే బస్సు ఎక్కితే కాళ్లు చాపుకుని హాయిగా వెళ్లొచ్చు, టికెట్‌కు ఇంకాస్త పెట్టడం దండగ కాదు. బసకు కొండ దగ్గరి మోటళ్లకన్నా సొక్చో ఊళ్లోని చిన్న హోటళ్లే నాకు నచ్చాయి. సాయంత్రం సముద్రం ఒడ్డున నడవొచ్చు, తిండికి ఇబ్బంది ఉండదు, పొద్దున్నే సిటీ బస్సు దొరుకుతుంది. ఆ బస్సు ఏడు గంటల లోపే ఎక్కాలి. ఆకుల కాలంలో శనాదివారాల్లో పార్కు దారిలో కార్లు బారులు తీరి, బస్సు ఉన్నచోటే నిలబడిపోతుంది.

మోకాళ్లు సహకరిస్తే ఉల్సాన్‌బావీ ఎక్కండి. నిట్టనిలువు గ్రానైట్ రాయి, చివర్లో వందల కొద్దీ మెట్లు, పైన ఒకవైపు కొండలు, ఒకవైపు తూర్పు సముద్రం. ఎక్కలేని పెద్దవాళ్లకు కేబుల్ కారు ఉంది. దాని టికెట్లు ముందుగా ఇవ్వరు, ఆ రోజువి ఆ రోజే కొనాలి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి సొక్చోలో కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి.

సొక్చోలోనే అబాయ్ అనే చిన్న పేట ఉంది. కొరియా యుద్ధంలో ఇప్పటి ఉత్తర కొరియాలోని హామ్‌గ్యోంగ్ నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చినవాళ్లు, రేపో మాపో తిరిగి వెళ్తామనుకుని సముద్రపు ఇసుక మీద వేసుకున్న గుడిసెలు అవి. 1953లో కాల్పులు ఆగాయి, సరిహద్దు మాత్రం తెరుచుకోలేదు. వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇనుప తాడు పట్టుకుని చేత్తో లాగే బల్లకట్టు మీద ఆ పేటకు దాటుతారు. టూరిస్టులు ఎక్కువగా అక్కడి వంటల కోసం వెళ్తారు. నాకైతే వాళ్ల కథ తెలిశాక, సొరాక్‌సాన్ ఎంత గుర్తుందో ఆ పేట కూడా అంతే గుర్తుంది.

శరత్కాలంలోనే చేయాల్సిన ఇంకో పని గుడిలో ఒక రాత్రి ఉండటం. టెంపుల్ స్టే పేరుతో 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ సమయంలో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు దేశమంతటా ఉంది. మేం వెళ్లింది గాయా కొండల్లోని హేఇన్సాకు. దేగు నగరంలోని పశ్చిమ బస్ స్టేషన్ నుంచి గంటన్నర ప్రయాణం. 13వ శతాబ్దంలో మంగోలులు దండెత్తిన రోజుల్లో, బుద్ధుడి కరుణ కోరుతూ చెక్కించిన 81,258 చెక్క పలకలు ఆ గుడిలో ఉన్నాయి, బౌద్ధుల గ్రంథం త్రిపిటకం మొత్తం. వాటిని దాచిన 15వ శతాబ్దపు మందిరాల్లో యంత్రమేదీ లేదు. ముందు గోడ కిటికీలు ఒక కొలతలో, వెనక గోడవి ఇంకో కొలతలో పెట్టి గాలి ఎటు పోవాలో ముందే నిర్ణయించారు. నేల కింద బొగ్గు, ఉప్పు, సున్నం కలిపిన మట్టి పోసి చెమ్మను అదుపులో ఉంచారు. వందల ఏళ్లుగా ఆ పలకలకు చెద పట్టలేదు. కిటికీ చువ్వల్లోంచి లోపలికి చూస్తుంటే, బౌద్ధం పుట్టిన నేల నుంచి వచ్చిన మనకు చేతులు వాటంతటవే జోడవుతాయి.

బస సంగతి చెప్పాలి. వేసుకోవడానికి వదులు బట్టలు వాళ్లే ఇస్తారు. గది శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. వెచ్చటి నేల మీద పలుచటి పరుపు, స్నానాల గది చాలాచోట్ల ఉమ్మడి. రాత్రి తొమ్మిదికల్లా దీపాలు ఆర్పేస్తారు. ఇంకా తెల్లవారకముందే పెద్ద ఢంకా, గంట, చెక్క చేప, మబ్బు ఆకారపు లోహపు పలక వరసగా మోగుతాయి. నేల మీది జీవాలకు, నరకంలో ఉన్నవారికి, నీటిలోని ప్రాణులకు, ఆకాశంలోని పక్షులకు ఆ మోత చేరాలని వాళ్ల కోరిక. ఒక మనిషికి ఒక రాత్రికి, తిండితో కలిపి, 70 నుంచి 90 వేల వోన్ దాకా అవుతుంది. వెయ్యి వోన్ అంటే 60 రూపాయల చుట్టుపక్కల అనుకోండి. సియోల్‌లో ఒక మామూలు హోటల్ గదికి పోసే డబ్బుతో ఇంత దొరికే చోటు నాకింకొకటి కనిపించలేదు.

శాకాహారులకు కొరియాలో నిశ్చింతగా తినే చోటు కూడా గుడే. మాంసం, చేప ఎలాగూ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా వాడరు. కార్తీకంలో అవి మానేసే మా అక్కకు అక్కడ ఒక్క పూట కూడా వెతుక్కునే పని పడలేదు. బయట అలా కాదు. ఊరబెట్టిన కూరగాయల పచ్చడి కిమ్చీలో సాధారణంగా చేపల రసమో రొయ్యల ఉప్పో పడుతుంది, కూరగాయల సూపు అన్నది కూడా ఎండు చేపలతో మరిగించిందే కావచ్చు. కూరగాయలు కలిపి తినే అన్నం బిబింబాప్‌ను మాంసం, గుడ్డు లేకుండా ఇమ్మంటే చాలా హోటళ్లలో ఇస్తారు. ఫోన్‌లో పాపాగో అనే అనువాద యాప్ పెట్టుకుని, తినని వాటి పట్టిక కొరియన్‌లో రాసి చూపించడం మేలు.

వసంతం అనగానే అందరూ జిన్హే పేరు చెబుతారు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆ నౌకాదళపు ఊరు చెర్రీ పూలతో నిండిపోతుంది. అంతకు మించి జనంతోనూ నిండిపోతుంది. ఆ వారం రోజులు గదులు దొరకవు, దొరికినా ధర భరించలేం. పొద్దున్నే బుసాన్ నుంచి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తే చాలు. అదే పూలు నిదానంగా చూడాలంటే గ్యోంగ్జు వెళ్లండి. సిల్లా రాజ్యానికి ఒకప్పటి రాజధాని అది. ఊరి మధ్యలోనే గడ్డి కప్పిన గుట్టల్లా రాజుల సమాధులు, వాటి పక్కన 7వ శతాబ్దపు చొమ్‌సోంగ్‌దే అనే, నక్షత్రాలను గమనించే బురుజు, సైకిల్ అద్దెకు తీసుకుంటే అన్నీ కలిపి ఒక్క పూట. బుల్గుక్సా గుడికీ, కొండ మీది సొక్కురామ్ గుహలోని బుద్ధుడికీ ఇంకో రోజు ఇవ్వండి. వేగపు రైలు ఆగే గ్యోంగ్జు స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, అక్కణ్నుంచి బస్సు పట్టుకోవాలి.

గ్యోంగ్జులో మేం హనోక్‌లో, అంటే పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, కాగితపు తలుపులున్న పాత కాలపు ఇంట్లో దిగాం. వాకిలి, వసారా, చెప్పులు బయట విడిచే పద్ధతి చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంటావిడ పొద్దున్నే జావ, పళ్లు తెచ్చి పెట్టి, అమ్మాయి చేత "మీ అమ్మగారికి చలేస్తోందేమో అడుగు" అని అడిగించింది. అయితే నేల మీద పడుకోలేనివాళ్లకు ఇది కుదరదు. గోడలు పలచన, పక్కగది మాటలు వినిపిస్తాయి, స్నానాల గది ఇరుకు. పెద్దవాళ్లుంటే ఒక్క రాత్రి హనోక్‌లో గడిపి, మిగతావి మంచమున్న హోటల్‌కు మారడం మంచిది.

ఎండాకాలం గురించి చెప్పడానికి తక్కువ. జూన్ చివర నుంచి జులై చివర దాకా ముసురు, ఆ తర్వాత ఉక్కపోత. మన ఎండలు తప్పించుకుందామని మే నెలలో వెళ్తే బాగుంటుంది గానీ, ఆగస్టులో వెళ్తే తప్పించుకున్నట్టు ఉండదు. జేజు ద్వీపం ఒక్కటే ఆ కాలంలో నాకు నచ్చింది. 1,947 మీటర్ల హల్లాసాన్ శిఖరం దాకా వెళ్లే దారులకు ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి. శిఖరం వద్దనుకుంటే యోంగ్‌షిల్ దారి చాలు, అందంలో దానికి లోటు లేదు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రం అడుగుకు మునిగి నత్తలు, నాచు ఏరుకొచ్చే హేన్యో స్త్రీలను అక్కడ చూడొచ్చు. వాళ్ల సంప్రదాయానికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలామంది డెబ్బై దాటినవాళ్లు. నీటి పైకి తేలి ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి చప్పుడు చేస్తారు. నిలబడి వినాలనిపిస్తుంది.

సియోల్ ఏ కాలంలోనైనా వెళ్లొచ్చు. అక్కడి ప్యాలెస్‌లలో గ్యోంగ్‌బొక్‌గుంగ్ మంగళవారం, ఛాంగ్‌డొక్‌గుంగ్ సోమవారం మూసి ఉంటాయి. హన్‌బోక్ అనే వాళ్ల సంప్రదాయ దుస్తులు కట్టుకుంటే ప్రవేశం ఉచితం. ఒక్క ప్యాలెస్‌కే సమయం ఉంటే ఛాంగ్‌డొక్‌గుంగ్‌నే ఎంచుకోండి, దాని వెనకున్న తోటకు టికెట్ విడిగా ముందే తీసుకుని. బుక్‌చోన్ అనే హనోక్ ఇళ్ల పేటలోని కొన్ని వీధుల్లో సాయంత్రం ఐదు నుంచి పొద్దున పది దాకా టూరిస్టులు తిరగకూడదని ఆంక్ష పెట్టారు. అక్కడ కాపురాలున్నాయి, పసిపిల్లలున్నారు, ఆ ఆంక్ష న్యాయమైనదే.

దారి కోసం గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోవద్దు, నేవర్ మ్యాప్ పెట్టుకోండి. బస్సులకు, మెట్రోకు వాడే టీ-మనీ కార్డులో డబ్బు నింపడానికి నోట్లు దగ్గరుంచుకోండి. భాష అడ్డం వస్తే 1330కి ఫోన్ చేయొచ్చు, ఇంగ్లీషులో మాట్లాడి సాయం చేస్తారు. ఒకసారి బస్టాండులో మా టికెట్ తేదీ తప్పుగా పడితే, ఫోన్‌లో వాళ్లు కౌంటర్ అమ్మాయితో మాట్లాడి రెండు నిమిషాల్లో మార్పించారు. మెట్రో స్టేషన్లలో, పార్కుల్లో మరుగుదొడ్లు ఉచితం, శుభ్రం. ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

చలికాలానికి భయపడి చాలామంది వెళ్లరు. సియోల్‌లోనే సున్నాకు పది డిగ్రీల కింద ఉండే రోజులుంటాయి, నిజమే. కానీ కొరియా వాళ్ల ఇల్లు ఎందుకలా ఉంటుందో అర్థమయ్యేది అప్పుడే. ఒకప్పుడు వంటింటి పొయ్యి పొగను గదుల నేల కిందుగా పంపి ఇల్లు వెచ్చబరిచేవారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వేడినీటి గొట్టాలు అదే పని చేస్తున్నాయి. కూర్చోవడం, తినడం, పడుకోవడం అన్నీ నేల మీదే సాగడానికి కారణం ఆ ఒండోల్ వెచ్చదనమే. అది ఇంట్లో దొరకని యాత్రికులకు జిమ్‌జిల్‌బాంగ్ ఉంది. 10 నుంచి 15 వేల వోన్‌కు వేడినీటి స్నానం, తర్వాత అందరూ కలిసి కూర్చునే వెచ్చటి హాలు, పసుపు మట్టి గదులు, చల్లటి బియ్యపు పానీయం. స్నానాల భాగం ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు, కానీ లోపల బట్టలుండవు. మనవాళ్లకు అది కష్టమే. ఇంట్లోనే స్నానం చేసి వెళ్లి, వాళ్లిచ్చిన బట్టలు వేసుకుని నేరుగా హాల్లో కూర్చున్నా సరిపోతుంది.

చలికాలపు ప్రకృతి కోసం ఓదేసాన్ కొండల్లోని వోల్‌జోంగ్సా గుడి వెళ్లండి. సియోల్ నుంచి జిన్‌బు దాకా వేగపు రైలు, అక్కణ్నుంచి బస్సు. గుడి ముందు కిలోమీటరు పొడవునా ఫర్ చెట్ల దారి చదునుగా ఉంటుంది, మంచులో కూడా పెద్దవాళ్లు నడవగలరు, చెప్పులకు ఇనుప ముళ్ల పట్టీ ఉంటే చాలు. చాంద్రమాన కొత్త సంవత్సరం రోజులు మాత్రం వదిలేయండి. జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది, దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది, రైలు టికెట్లు దొరకవు, చిన్న హోటళ్లు మూతపడతాయి. శరత్కాలంలో చుసోక్ పండక్కీ ఇదే పరిస్థితి. ఆ రెండింటి తేదీలూ ఏటా మారుతుంటాయి గనక, విమానం టికెట్ కొనేముందే క్యాలెండర్ చూసుకోండి.