బాబాయ్ పాత కంప్యూటర్‌కి ఏది మేలు: సెవెనా, టెన్నా, మింటా?

అంబాజీపేటలో మా బాబాయ్‌ది కొబ్బరి వ్యాపారం. ముందు గదిలో ఒలిచిన కాయల రాశి, వెనక గదిలో 2012లో కొన్న కంప్యూటర్. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. మొన్న పండక్కి వెళ్తే, "ఒరేయ్, దీన్ని ఆన్ చేసి సెంటర్‌కెళ్ళి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతానే ఉంటంది. ఫార్మాట్ కొట్టి పడెయ్" అన్నాడు.

మనవైపు కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు ఒకటే, ఫార్మాట్. ఆ తర్వాత ఏం వెయ్యాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. పాత విండోస్ సెవెనే మళ్ళీ వెయ్యొచ్చు, విండోస్ టెన్ వెయ్యొచ్చు, లేదంటే విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వెయ్యొచ్చు. విండోస్ 11ని నేను లెక్కలోకే తీసుకోలేదు. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అడ్డదారిలో వేసేవాళ్ళు ఉన్నారు గానీ, వ్యాపారం లెక్కలున్న మిషన్‌తో ఆ ప్రయోగాలు నాకు ఇష్టం లేదు.

అయితే ఏది వెయ్యాలో తేల్చే ముందు స్క్రూ డ్రైవర్ పట్టుకోవాలి. మూత తీస్తే లోపల కొబ్బరి పీచు నుసి, ఫ్యాన్ రెక్కలకి జిడ్డు, మూలన రెండు బల్లి గుడ్లు. బ్రష్షుతో అంతా దులిపాను. ర్యామ్ ముక్క ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్ది, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. ఆ పళ్ళకి మురికి పడితే ఆన్ చెయ్యగానే బీప్ బీప్‌మంటుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. బాబాయ్ కంప్యూటర్ అప్పుడప్పుడూ అలా చేస్తోందట. రెండు తగిలిస్తే వస్తుందని పిల్లలు చెప్పారు!

ఇంకోటి, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. బాబాయ్ దాన్ని వైరస్ అనుకుని ఏడాదిగా ఫోన్‌లోనే పని కానిస్తున్నాడు. ఆ బ్యాటరీ వాచీలు బాగుచేసే కొట్లో దొరికింది.

అసలు జబ్బు హార్డ్ డిస్క్‌ది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూస్తే పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. డిస్క్‌లో కొన్ని చోట్లు పాడై, అక్కడ రాయాల్సినదాన్ని స్పేర్ చోట్లకి మారుస్తోందన్నమాట. ఇలాంటి డిస్క్ మీద ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నాలుగు రోజుల ముచ్చటే. కాబట్టి మూడింట్లో ఏది వేసినా ముందు దీన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే పళ్ళేలు లేని, వేగంగా నడిచే డిస్క్) పెట్టాల్సిందే. పాత హార్డ్ డిస్క్‌కి ఉన్న సాటా కేబుల్‌కే తగులుకుంటుంది, మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే ర్యామ్‌కి కాదు, దీనికే పెట్టండి.

డేటా విషయంలో మాత్రం తొందర పడొద్దు. బాబాయ్ ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్ మీదే. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. సీ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే ఆరేళ్ళ కాయల లెక్కలు గోదాట్లో కలిసినట్టే. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే దాని నుంచి కంప్యూటర్ ఆన్ చేసి, మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాను. విండోస్ అసలు లేవకపోయినా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇక పోటీకి వద్దాం.

సెవెన్ అంటే నాకూ ప్రేమే. అలవాటైన ముఖం, 4 జీబీలో తేలిగ్గా నడుస్తుంది, లైసెన్సు కీ నంబరు స్టిక్కర్ క్యాబినెట్ పక్కనే అతికించి ఉంది. కానీ 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. గూగుల్ క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023లో వచ్చిన 110 నుంచి సెవెన్‌లో పనిచెయ్యదు. పైగా ఇల్లు అలకగానే పండగ కాదు. సెవెన్ వేశాక చూస్తే ల్యాన్ డ్రైవర్, అంటే నెట్ వైరుని పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఉండదు. డ్రైవర్ దించుకోడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ డ్రైవరే కావాలి. ఎవరి దగ్గర్నుంచో తెచ్చి వేసినా, అందులో వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో ఇప్పటి సైట్లు చాలావరకు తెరుచుకోవు. 2019 నుంచి అప్‌డేట్ అసలుదేనని చూపే డిజిటల్ సంతకం పద్ధతి మారింది కాబట్టి, ఆ మార్పు తెచ్చే ఫైలు ముందు చేత్తో ఎక్కిస్తే గానీ మిగతా అప్‌డేట్లు దిగవు. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే దీపాల వేళకి లేస్తాం.

టెన్ ఆ బాధ పెట్టదు. నెట్ తగిలిస్తే డ్రైవర్లు చాలావరకు తనే వెతుక్కుంటుంది. ఎస్‌ఎస్‌డీ మీద చక్కగా నడుస్తుంది. పాత హార్డ్ డిస్క్ మీద మాత్రం టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటుంది, మౌస్ జరపాలన్నా విసుగే. అసలు చిక్కు లైసెన్సుతో. సెవెన్ కీతోనే టెన్ యాక్టివేట్ అయ్యే వెసులుబాటుని 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. షాపులో "యాక్టివేటర్" (లైసెన్సు లేకుండానే ఉన్నట్టు నమ్మించే దొంగ ప్రోగ్రామ్) వేసి ఇస్తాం అంటారు. వచ్చేటప్పుడు దాంతోపాటు ఏమేం వస్తాయో ఆ వేసేవాడికీ తెలీదు. ఇంతా చేస్తే టెన్‌కి కూడా 2025 అక్టోబర్ 14తో మద్దతు అయిపోయింది. మామూలు వాడకందార్లు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అదీ టెన్‌లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉంటేనే. అన్ని తిప్పలు పడి కొత్తగా వెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను, పాత మిషన్లకి అది తేలిక. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. కీ లేదు, డబ్బు లేదు, 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. కరెంటు పోయి మధ్యలో ఆగితే మొదటికొస్తుందని యూపీఎస్ నిండుగా ఎక్కాక మొదలుపెట్టాను. వైఫై, సౌండ్ అడగకుండానే పనిచేశాయి. బాబాయ్ చేసేవి ఎక్సెల్ షీట్లో కాయల లెక్క, బ్రౌజర్లో వాట్సాప్, బ్యాంకు సైటు, కాసేపు యూట్యూబ్. షీట్లు ఎక్సెల్‌కి బదులు మింట్‌లో ఉండే లిబ్రేఆఫీస్‌లో తెరిచి కూడికలన్నీ పాత కాగితంతో పోల్చి చూశాం, సరిపోయాయి. అయితే మీ షీట్లలో మాక్రోలు (పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉంటే అంత సులువుగా పోదు. మొదటి రెండ్రోజులూ "స్టార్ట్ ఏదిరా" అంటూ ఫోన్లు. ఇప్పుడు తగ్గాయి.

మింట్ అందరికీ సరిపడదని చెప్పాలి కదా. అమలాపురంలో మా ఫ్రెండ్ ఒకడికి డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళి శుభలేఖలు, ఫ్లెక్సీ మేటరు. పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్, అను తెలుగు ఫాంట్లు లేకపోతే వాడి కొట్టు కట్టెయ్యాలి. అనులో కొట్టినది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే చిరంజీవి సౌభాగ్యవతి కాస్తా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి అయిపోతుంది. వాడికి నేను సెవెనే వేశాను, నెట్ వైరు మాత్రం పీకేశాను. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వస్తాయి, వాటిని ముందు ఇంకో కంప్యూటర్లో స్కాన్ చేస్తాడు. లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రామ్ మీద బతికే రైస్ మిల్లు ఆఫీసుకైతే అసలు లైసెన్సుతో టెన్ వాడుకుంటూ, ఈలోగా కొత్త మిషన్‌కి డబ్బు దాచుకోమంటాను. ట్యాలీ విండోస్ కోసం చేసినది, దాన్ని లినక్స్‌లో ఎలాగోలా నడిపించి నెలాఖరు రోజున టెన్షన్ పడడం ఎందుకు?

ప్రింటర్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మన కొట్లలో కనిపించే పాత చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్నిటికి లినక్స్ డ్రైవర్ దొరకడం కష్టం. మింట్‌ని పెన్‌డ్రైవ్ మీదే నడిపి, మీ ప్రింటర్ తగిలించి, ఒక పేజీ తీసి చూడండి. కాగితం బయటికి వస్తేనే ఇన్‌స్టాల్ నొక్కండి.