దారం తెగాలి, బట్ట కాదు: నాలుగు చలికాలాలు వాడిన సాషికో జాకెట్

సాషికో-ఓరి అనే జపాన్ బట్ట, అక్కడి తోకుషిమా ప్రాంతపు నీలిమందు అద్దకం, హంతెన్ అనే పాతకాలపు పొట్టి కోటు కోత. బరువు దాదాపు 900 గ్రాములు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి పొద్దుటిపూట తప్ప ఒంటి మీద ఉంచుకోలేం. వాడింది నాలుగు చలికాలాలు, ఉతికింది పదకొండుసార్లు. బట్టకు వంక పెట్టను. కుట్టిన తీరుకు పెడతాను.

సాషికో జపాన్ చేతికుట్టు, మన బొంత కుట్టుకు దగ్గరి చుట్టం. ఉత్తర జపాన్‌లోని త్సుగారులో నూలు బట్టకు నోచుకోని రైతులు, పలచటి నార బట్ట సందులు పూడ్చి వెచ్చగా ఉంచడానికి ఇలా కుట్టేవారు. సాషికో-ఓరి అలా చేత్తో కుట్టింది కాదు. మగ్గం మీదే అదనపు పేక పోగును పైకి తేల్చి, కుట్టులా కనబడేట్టు నేస్తారు. కెండో, జూడో దుస్తులకు వాడే బట్ట ఇదే. పైకి తేలిన ఆ పోగుల వల్లే మెత్తదనం, తంటా కూడా వాటితోనే. ఉంగరానికో, బ్యాగు వెల్క్రోకో తగిలితే పోగు లేస్తుంది. లేచినదాన్ని కత్తిరించారా, ఆ వరుస మొత్తం వదులైపోతుంది. సూదితో లోపలి వైపుకు లాగేయాలి.

కోత మాత్రం ముచ్చటైనది. జపాన్ చేమగ్గం బట్ట వెడల్పు 36-38 సెంటీమీటర్లు. అంచు నుంచి అంచుకు నేరుగా కోసి కలుపుతారు, వంపు కోతలు దాదాపు ఉండవు. కాబట్టి కత్తిరింపుల చెత్త మిగలదు, విప్పితే మళ్లీ చదునైన ముక్కలే చేతికొస్తాయి. కిమోనోను విప్పి, ఉతికి, తిరిగి కుట్టుకునే అలవాటు అక్కడ ఊరికే పుట్టలేదు.

ఈ జాకెట్‌లో ఆ తెలివిని చెడగొట్టింది లోపల పాలిస్టర్ దారంతో వేసిన ఓవర్‌లాక్, అంటే బట్ట అంచు పోగులు విడిపోకుండా వేసే మిషను కుట్టు. చంక దగ్గర లాగుడు పడినప్పుడు నూలు దారమైతే అదే ముందు తెగుతుంది, పది నిమిషాల్లో మళ్లీ కుట్టుకోవచ్చు. పాలిస్టర్ దారం తెగదు, పక్కనున్న బట్టను కోసేస్తుంది. రెండో చలికాలంలో కుడి చంక కింద సరిగ్గా కుట్టు వెంబడే నాలుగు సెంటీమీటర్లు చిరిగింది. ‘పర్యావరణహితం’ అని చీటీ తగిలించినవాళ్లు దారం సంగతి ఆలోచించనే లేదు.

రంగు గురించి అపోహలు చాలా ఉన్నాయి. తోకుషిమాలో నీలి ఆకును ఎండబెట్టి, తడుపుతూ తిరగేస్తూ సుమారు 100 రోజులు మాగబెడతారు. అలా తయారయ్యేదే సుకుమో. దాన్ని బూడిద తేట, గోధుమ పొట్టు, సున్నంతో బానలో పులియబెడితే సూక్ష్మజీవులే రంగును కరిగే స్థితికి తెస్తాయి. మామూలు ఫ్యాక్టరీలో ఆ పని సోడియం హైడ్రోసల్ఫైట్‌ది. మురుగునీటి లెక్కలో తేడా అక్కడే. గుడ్డ మీద మిగిలే ప్రధాన రంగు పదార్థం రెండింటిలోనూ ఒక్కటే. ‘సహజం కాబట్టి వదలదు’ అనే మాట నమ్మకండి. నీలి రంగు నూలు పోగుతో రసాయనికంగా ముడిపడదు, పోగుల్లో ఇరుక్కుని ఉంటుందంతే. రాపిడికి రాలుతుంది. మొదటి చలికాలమంతా తెల్ల చొక్కా కాలరు, లేతరంగు కారు సీటు దీనికి దూరంగా ఉండాల్సిందే. ఉప్పు, వెనిగర్ వేసినా రంగు ‘పట్టదు’.

ఉతకడానికి కుంకుడు రసం చాలు. చన్నీళ్లలో, తిరగేసి, విడిగా. బ్లీచ్ కలిసిన పొడులు వద్దు. మొదటి ఉతుకుకే 58 సెంటీమీటర్ల చేయి 56కు వచ్చింది, ఒక సైజు పెద్దది తీసుకోండి. నీడలో ఆరేయండి. మడతపెట్టి నెలల తరబడి బీరువాలో పడేస్తే మడత గీతలు పసుపుపచ్చగా మారతాయి. గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నీలిని తినేస్తాయి. హ్యాంగర్‌కు తగిలించి, పైన పాత పంచె కప్పితే ఆ బెడద తగ్గుతుంది.

మూడో ఏడు మోచేతులు పలచబడ్డాయి. మరమ్మతు ఇలా: చిరుగు ఉంటే దాని అంచులను కత్తిరించకుండా, అన్ని వైపులా 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా, ముందే ఉతికిన నూలు గుడ్డను లోపల పెట్టి టాకాలు వేయాలి. వరుసల మధ్య 5 మిల్లీమీటర్లు. పైకి కనిపించే కుట్టు 3, అడుగున 2 మిల్లీమీటర్లు. దారం రెండు మూరలకు మించితే బట్టలో రాసుకుని నూగు లేస్తుంది. ముడి వేయొద్దు, మూడు కుట్లు వెనక్కి కుట్టి వదిలేయండి. సూదిపై ఐదారు కుట్లు ఎక్కించి, దారం లాగాక బొటనవేలితో కుట్టు వెంబడి ఒకసారి సాగదీయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, ఉతికాక అతుకు ముడుచుకుపోతుంది. వరుస తిరిగే ప్రతిచోటా చిన్న ఉచ్చు వదులుగా ఉండాలి, మోచేయి వంగినప్పుడు సాగేది అదే. దబ్బనం జోలికి పోకండి, పడుగు తెగుతుంది. సాషికో సూది దొరకకపోతే కన్ను పెద్దగా ఉన్న పొడవాటి సూది చాలు. తెల్ల దారం రెండు ఉతుకులకే లేత నీలమవుతుంది. నాకైతే అదే అందం.

మెడ పట్టీకి లోపల బక్రం, అంటే బిగువు కోసం వేసే గట్టి గుడ్డ, అతికించి ఉంది. ఉతికేకొద్దీ బుడగలు తేలింది. విప్పి తీసేసి, నూలు గుడ్డ రెండు పొరలు పెట్టాను.

కొనేముందు జాకెట్‌ను తిరగేసి చూడండి. కుట్టు పక్కన కనీసం ఒక సెంటీమీటరు బట్ట మిగిలి ఉందా, మెడ పట్టీ చేతికుట్టుతో వేశారా, దారం నూలుదేనా? దారపు కొస కొంచెం తెంపి వెలిగించండి: కాగితం వాసనతో బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా మారితే పాలిస్టర్.